బుర్రిపాలెం సాహసాలు, గుంటూరు టాక్

సినిమా వ్యాపారంలో గుంటూరు ఒక ఏరియా. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, నెల్లూరుతో పాటు గుంటూరు లెక్క విడిగా రాస్తారు. ఎంతకు కొన్నారు, మొదటి రోజు షేర్ ఎంత, బయ్యర్ గట్టెక్కాడా లేదా అన్నది శంకర్ విలాస్ సెంటర్‌లో టీ తాగేవాళ్లకు కూడా నోటికి వచ్చు. సంక్రాంతి నాటికి పత్తి డబ్బు ఎంతో కొంత చేతికొస్తుంది, మిర్చి కోతలు ఊపందుకుంటాయి, పండక్కి ఊళ్లు నిండుతాయి. పెద్ద సినిమాలు ఆ వారమే వచ్చేది అందుకే. ఇక మార్నింగ్ షో వదిలితే చాలు. గేటు బయట నిలబడ్డవాడు "ఎట్టా ఉందిరా?" అంటాడు. "ఫస్టాఫ్ పర్లేదు, సెకండాఫ్ అర్థం కాలా" అన్న జవాబు మ్యాట్నీ మొదలయ్యేలోపు తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట చుట్టేస్తుంది.

కొత్తది చేయాలని డబ్బూ పేరూ పణంగా పెట్టిన సినిమాలకు ఈ టాక్ గండం ఎక్కువ. కొందరు నెత్తిన పెట్టుకుంటారు, కొందరు ఇంటర్వెల్‌కే లేచిపోతారు. అలాంటి సినిమాల చరిత్ర కోసం గుంటూరు వాళ్లు దూరం వెళ్లనక్కర్లేదు. తెనాలి పక్కన బుర్రిపాలెం చాలు.

ఆ ఊరి బిడ్డ కృష్ణ 1974 మే 1న తన నూరో సినిమాగా 'అల్లూరి సీతారామరాజు' విడుదల చేశారు. తెలుగులో అదే మొదటి సినిమాస్కోప్. దర్శకుడు వి.రామచంద్రరావు చిత్రీకరణ మధ్యలోనే కన్నుమూస్తే, యుద్ధ సన్నివేశాలు కె.ఎస్.ఆర్.దాస్‌కు అప్పగించి మిగిలింది కృష్ణ స్వయంగా పూర్తి చేశారు. సినిమా ఘన విజయం. అయితే అది చూసిన నిర్మాత చక్రపాణి, కొన్నాళ్లపాటు మీ సినిమాలు ఆడవని కృష్ణతో అన్నారట. ఈ మాట కృష్ణే చాలాసార్లు చెప్పుకున్నారు. తెనాలి చక్రపాణి ప్రేక్షకుడి నాడి తెలిసిన మనిషి. సీతారామరాజుగా గుండెల్లో నిలిచినవాణ్ణి మళ్లీ మామూలు వేషాల్లో చూడ్డానికి జనానికి సమయం పడుతుందని ఆయన ముందే పసిగట్టారు. అన్నట్టే వరసగా సినిమాలు పోయాయి. 1976 సంక్రాంతికి 'పాడిపంటలు' వచ్చాక గానీ కృష్ణ తేరుకోలేదు.

ఆ గడ్డు కాలంలో వచ్చిందే 'దేవదాసు'. విజయనిర్మల దర్శకత్వం, ఆమే పార్వతి, రమేష్ నాయుడు సంగీతం. 1953 నాటి అక్కినేని 'దేవదాసు' తెలుగువాళ్లకు ఏనాడో సొంతమైపోయింది. దాన్ని మళ్లీ తీయడమే సాహసం. పైగా అదే సమయంలో పాత సినిమాను మళ్లీ విడుదల చేశారు. జనం పాతదానికే వెళ్లారు. కొత్త సినిమా అంత తీసిపారేయదగ్గదేం కాదు. రమేష్ నాయుడు పాటలు ఈనాటికీ నిలబడ్డాయి. కానీ మే నెలలో తెల్లవాడి తుపాకికి గుండె చూపించిన మనిషి, అదే ఏడాది చివర్లో సీసా పట్టుకుని తూలుతుంటే చూడలేకపోయారు. ఆ ఓటమిలో ప్రేక్షకుడి తప్పు లేదు, సినిమా తప్పు కూడా పూర్తిగా లేదు. వచ్చిన వేళ మంచిది కాదు.

1977 జనవరి 14 సంగతి వేరు. ఒకే రోజు రెండు మహాభారతాలు. ఒకటి కమలాకర కామేశ్వరరావు తీసిన 'కురుక్షేత్రం': అర్జునుడిగా కృష్ణ, శ్రీకృష్ణుడిగా శోభన్‌బాబు, కర్ణుడిగా కృష్ణంరాజు. రెండోది ఎన్టీ రామారావు నిర్మించి, దర్శకత్వం వహించి, కర్ణుడూ దుర్యోధనుడూ కృష్ణుడూ తానే అయిన 'దానవీరశూరకర్ణ'. నాలుగు గంటలకు దగ్గరగా నిడివి ఉన్న ఆ రెండోదాన్ని జనం ఎగబడి చూశారు. మొదటిది కిందపడింది.

ఎందుకు? కామేశ్వరరావు పౌరాణికాల్లో చేయి తిరిగినవారు. 'నర్తనశాల' ఆయనదే. 'కురుక్షేత్రం'లో యుద్ధానికి ఒక విస్తారం ఉంది, కంటికి నిండుదనం ఉంది. కానీ ఈ ప్రాంతం భారతాన్ని ముందు చెవితో వింది. రాత్రంతా మేలుకుని తిరుపతి వేంకట కవుల రాయబారం పద్యాలకు వన్స్‌మోర్‌లు కొట్టిన పల్లెలు ఇవి. వాళ్లకు మాట కావాలి. 'దానవీరశూరకర్ణ' మాటలు రాసింది కొండవీటి వెంకటకవి. విప్పర్లలో పుట్టి, పొన్నూరు సంస్కృత కళాశాలలో పనిచేసిన పండితుడు. దుర్యోధనుడు సభలో కులం గురించి నిలదీస్తుంటే సంస్కృత సమాసాలు అర్థం కానివాడు కూడా ఆ ఊపుకు లేచి నిలబడ్డాడు. తర్వాత ఆ మాటల క్యాసెట్లు పెళ్లిళ్లలో, తిరునాళ్లలో మైకుల్లో మోగాయి. యుద్ధాన్ని చూపించిన సినిమా ఓడింది, యుద్ధానికి ముందు మాటను వినిపించిన సినిమా గెలిచింది. ఈ తీర్పులో గుంటూరు ప్రేక్షకుడికి తనేం కోరుకుంటున్నాడో స్పష్టంగా తెలుసు.

అందుకే ఫ్లాప్ వచ్చినప్పుడల్లా వినిపించే 'జనానికి అర్థం కాలేదు' అన్న మాటను ఒప్పుకోవడం కష్టం. గుంటూరులోనే చదువుకున్న కె.విశ్వనాథ్ తీసిన 'శంకరాభరణం' 1980 ఫిబ్రవరి 2న విడుదలైనప్పుడు హాళ్లు పలచగా ఉన్నాయి. అందులో స్టార్ హీరో లేడు. శాస్త్రీయ సంగీతం, వయసు మళ్లిన విద్వాంసుడు, మౌనంగా ఆరాధించే ఒక స్త్రీ. రాగం పేరు తెలియనివాళ్లే దాన్ని నెలల తరబడి ఆడించారు. అదే విశ్వనాథ్ 1992లో చిరంజీవితో తీసిన 'ఆపద్బాంధవుడు'కు నంది అవార్డులు వచ్చాయి, డబ్బు రాలేదు. ఆ రెండింటి మధ్య పన్నెండేళ్లలో జనం తెలివి ఏం తగ్గిపోలేదు. చిరంజీవి కోసం వచ్చినవాళ్లు ఏం ఆశించి వచ్చారన్నదే తేడా.

బుర్రిపాలెం రెండో తరం దగ్గరికి వస్తే, 2014 జనవరి 10న వచ్చిన '1 నేనొక్కడినే' గురించి ఆగి మాట్లాడాలి. సుకుమార్ ఒకప్పుడు లెక్కలు చెప్పిన మాస్టారు. సినిమాను కూడా ఒక లెక్కలా వేశారు. కృష్ణ కొడుకు మహేష్‌బాబు చేసిన గౌతమ్ రాక్‌స్టార్. అతని మెదడులో కొంత భాగం లేదు. అమ్మానాన్నల ముఖాలు గుర్తులేవు. వాళ్లను ముగ్గురు చంపారని నమ్ముతాడు, లోకం అదంతా భ్రమ అంటుంది. మొదట్లోనే ఒకణ్ణి వెంటాడి చంపి, పోలీసులకు లొంగిపోతాడు. తీరా చూస్తే అక్కడ ఎవరూ లేరు. మనం అంతసేపూ చూసిన ఫైట్‌లో అతను ఒంటరిగా గాలిని గుద్దాడు.

సినిమా చీలింది సరిగ్గా అక్కడ. పండక్కి కాగితాలు చింపి తెచ్చి, ఆ ఫైట్‌కు ఎగరేసిన అభిమాని ఒక్కసారిగా చేతులు దించేశాడు. తన హీరో గెలుపు అబద్ధమని తెరే చెబితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా ఆ ఘట్టంలో సుకుమార్ చేసింది అసలైన సాహసం. మతి మీద నమ్మకం పోయిన మనిషి బాధను చెప్పి ఊరుకోకుండా చూసేవాడి చేత అనుభవింపజేశారు. రత్నవేలు కెమెరా ఆ భయాన్ని ప్రతి ఫ్రేములో పట్టుకుంది. చిన్నప్పటి గౌతమ్‌గా మహేష్ కొడుకే నటించడంతో ఆ అనాథ పిల్లాడి చూపు మరింత గుచ్చుకుంటుంది. లోపాలూ ఉన్నాయి. గోవా ప్రేమకథ పట్టు సడలించింది. లండన్ చేరాక చిక్కుముడి మీద చిక్కుముడి పడి, అమ్మానాన్నల కోసం వెతుకుతున్న మనిషి కాసేపు కనిపించకుండా పోతాడు. ప్రేక్షకుడు తప్పిపోయింది అక్కడే. కథ అర్థంకాక కాదు, ఆ మనిషి చెయ్యి వదిలేయడం వల్ల.

టాక్ చూసి విడుదలైన రోజుల్లోనే దాదాపు 20 నిమిషాలు కోసేశారు. ఇది మాత్రం మింగుడుపడదు. బిగువుగా అల్లిన కథలో కత్తెర పడితే అర్థమయ్యేదేమీ పెరగదు. మిర్చి యార్డులో కొనేవాడు టిక్కీ విప్పి, గుప్పెడు కాయ తీసి, రంగు, తేమ, తాలు చూసుకుని గానీ ధర చెప్పడు. సినిమాకు మాత్రం గేటు దాటుతూ అన్న ఒక్క మాటతో ధర కట్టి, తీసినవాళ్లే దానికి భయపడి సరుకు చించుకుంటున్నారు. మొదటి రోజు విడుదలైన పూర్తి సినిమాను నాజ్ సెంటర్ దగ్గరో, కొత్తపేటలోనో ఇవాళ్టి ప్రేక్షకులకు వేసి చూపిస్తే చూడాలని ఉంది. సుకుమార్ తర్వాత తీసిన 'రంగస్థలం', 'పుష్ప' చూసిన కళ్లు ఆ చిక్కుముళ్లను చూసే తీరు ఇప్పుడు వేరుగా ఉంటుంది.

'ఖలేజా' విషయంలో అది జరిగింది కూడా. 2010 అక్టోబరు 7న విడుదలై బయ్యర్లను ముంచిన సినిమా. ట్యాక్సీ డ్రైవర్‌ను ఒక ఊరు దేవుడని నమ్ముతుంది, అతనేమో నవ్వులాటలో పడి తనను తాను నమ్మడు. మహేష్‌బాబే చేసిన ఆ హీరో పేరు అల్లూరి సీతారామరాజు అన్నది బుర్రిపాలెం ఎరిగినవాళ్లకు ఇష్టమైన సంగతి. వెటకారం నుంచి భక్తిలోకి దర్శకుడు త్రివిక్రమ్ వేసిన ఆ అడుగు అప్పుడు హాల్లో కొందరికి అందలేదు. టీవీలో పదేపదే వచ్చాక అందింది. 2025 మే 30న మళ్లీ విడుదల చేస్తే కుర్రాళ్లు డైలాగులు ముందే అంటూ కేకలు పెట్టారు.

ఆశయం ఉన్న ప్రతి సినిమాకూ ఇలాంటి రెండో పుట్టుక రావాలని కాదు. గుంటూరు జిల్లా వాడే అయిన క్రిష్ 2010లో 'వేదం' తీసినప్పుడు ఐదు కథలను ఒక ఆస్పత్రి రాత్రిలో కలిపారు. 2015లో 'కంచె' కోసం రెండో ప్రపంచ యుద్ధంలోకి ఒక తెలుగు పల్లె కులగోడను తీసుకెళ్లారు, జాతీయ అవార్డు అందుకున్నారు. ఆ రెండూ ఎందుకు తీశారో ప్రతి సీన్‌లో తెలుస్తుంది. 2019లో వచ్చిన ఎన్టీఆర్ జీవిత కథ రెండు భాగాలు అలా కాదు. గుంటూరు ఏసీ కాలేజీలో చదివి, ప్రత్తిపాడులో సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వదిలేసి వెళ్లిన కుర్రాడి తెగువ కథ అది. తెర మీద ఆ కుర్రాడికి ఎక్కడా సందేహం లేదు, తప్పు లేదు, భయం లేదు. రెండో భాగానికి హాళ్లు ఖాళీ అయ్యాయి. కొత్తదనం ఎక్కువై పోయిన సినిమా కాదది, ఉన్న మనిషిని పూర్తిగా చూపించే ధైర్యం చాలక పోయింది. దాన్ని '1 నేనొక్కడినే' పక్కన, 'కురుక్షేత్రం' పక్కన కూర్చోబెట్టి అన్నిటినీ ఒకే గాటన ఫ్లాప్ అనడం, కృష్ణ నుంచి సుకుమార్ దాకా చెయ్యి కాల్చుకున్నవాళ్లందరికీ అన్యాయం చేయడమే.