సమచ్ఛందస్సులో సమాధానం: తొలి ఇస్లామీయ కాలపు అరబీ నిందాకవిత్వంలో పరువు

అరబీలో 'హిజా' అనే ప్రక్రియను తెలుగులో తిట్టుకవిత్వం అని అనువదించుకోవచ్చు. ఆ మాట తప్పు కాదు గాని ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. మన తిట్టుకవితకు ఆధారం శాపశక్తి. వేములవాడ భీమకవిని గురించిన చాటుకథల్లో కవి నోట వెలువడిన మాట జరిగి తీరుతుంది. గణాలకూ అక్షరాలకూ శుభాశుభ ఫలాలు చెప్పిన లాక్షణికుల భావనా ఈ నమ్మకానికి దూరమైనది కాదు. హిజాకూ ఇటువంటి మూలమే ఉన్నదనీ, శత్రువుపై ప్రయోగించిన మంత్రప్రాయమైన శాపమే దాని ఆదిరూపమనీ ఇగ్నాజ్ గోల్డ్‌జీహర్ 1896లో ప్రతిపాదించాడు. ఇస్లాం పూర్వదశకు ఈ వాదం ఎంతవరకు వర్తించినా, ఏడు, ఎనిమిది శతాబ్దాల హిజాను వివరించడానికి అది చాలదు. అక్కడ తిట్టు ఫలించేది వినేవారి వల్ల.

ఖలీఫా ఉమర్ కాలంలో (634–644) కవి హుతైఆ, తమీమ్ తెగ ప్రముఖుడు జిబ్రికాన్‌ను నిందించాడు. ఆ పద్యంలో బూతు లేదు. తిండికీ బట్టకూ లోటులేని నీవు కీర్తి కోసం శ్రమపడనక్కరలేదన్న ధోరణి మాత్రమే ఉన్నది. పైకి చూస్తే ఇది సుఖజీవనాన్ని వర్ణించడమే. ఇది నింద అవునో కాదో తేల్చడానికి ఉమర్ మరొక కవిని, హస్సాన్ ఇబ్న్ సాబిత్‌ను, సంప్రదించవలసి వచ్చిందట. నిందకంటె ఘోరమన్న ఆయన తీర్పుపై హుతైఆ చెరసాల పాలయ్యాడు. ఇతరులకు పెట్టవలసినవాడిని తినేవాడిగా చూపడమే ఇక్కడి అవమానం. ఉమర్ మూడువేల దిర్హములిచ్చి ప్రజల పరువును అతని నోటినుండి కొనుగోలు చేశాడని కూడా ఒక కథనం.

అదే కవి మరొక శాఖకు మేలు చేసిన తీరు ఇంకా గమనార్హం. 'అన్ఫ్ అల్-నాకా', అంటే ఆడ ఒంటె ముక్కు, అన్న పేరు చెప్పుకోవడానికి ఆ శాఖవారు సిగ్గుపడేవారు. వారు ముక్కయితే తక్కినవారు తోక అన్న భావంతో హుతైఆ చెప్పిన పద్యం తరువాత ఆ పేరే వారికి గర్వకారణమైంది. ముక్కును సూచించే ధాతువునుండే అరబీలో అభిమానవాచకమూ పుట్టిందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. పేరు మారలేదు, వంశం మారలేదు. జనం నోట ఆ పేరు పలికే స్వరం మారింది.

ఉమయ్యద్ యుగంలో జరీర్, ఫరజ్దఖ్‌ల 'నఖాయిద్'లో ఈ వ్యవహారం పరాకాష్ఠకు చేరింది. ప్రత్యర్థి పద్యానికి అదే ఛందస్సులో, అదే అంత్యప్రాసలో జవాబు చెప్పాలన్నది ఇందులోని నియమం. ఇద్దరూ తమీమ్ తెగవారే. ఇద్దరి వాదప్రతివాదాలకూ బస్రా శివార్లలోని మిర్బద్ సంత వేదిక. వివాదం దాదాపు నలభై ఏళ్లు సాగింది. ఫరజ్దఖ్‌ది గొప్ప వంశం. సజీవంగా పూడ్చిపెట్టబోయే ఆడశిశువులను ధనమిచ్చి కాపాడాడని అతని తాతకు ఖ్యాతి. జరీర్ వంశం గొర్రెలు, మేకలు కాచుకునేది. అందుచేత ఫరజ్దఖ్ పశువుల కాపరులని ఎత్తిపొడిస్తే, జరీర్ కమ్మరి సంతానమని దెప్పిపొడిచాడు. లోహకారుల వృత్తిని హీనంగా చూసిన సమాజంలో ఆ మాట గాయం చేసింది. ఇద్దరి కొలమానమూ ఒకటే. వంశం, ఔదార్యం, స్త్రీల రక్షణ అన్న మూడు విలువలను ఇద్దరూ అంగీకరించకపోతే ఒకరి తిట్టు మరొకరికి తగిలేదే కాదు.

కబీల్ సమాజాన్ని గురించి (వారు అరబీ గాక బెర్బర్ భాషీయులు) పియేర్ బూర్ద్యూ చేసిన పరిశీలన ఇక్కడ ఉపకరిస్తుంది. సవాలు విసరడమంటే ఎదుటివాడిని సమానుడిగా గుర్తించడమే. హీనుడి సవాలుకు జవాబిచ్చినవాడు తన పరువును తానే తగ్గించుకుంటాడు. ఈ దృష్టితో చూస్తే నఖాయిద్‌లో అసలు లాభం జరీర్‌దే. సమచ్ఛందస్సులో సమాధానం చెప్పిన ప్రతిసారీ ఫరజ్దఖ్ అతనికి సమస్థాయి ప్రసాదించాడు. 'కితాబ్ అల్-అఘానీ' చెప్పే కథ ఒకటి ఈ సంగతినే సూచిస్తుంది. అందరిలో గొప్ప కవి ఎవరని అడిగినవాడికి జరీర్ తన తండ్రిని చూపాడట. పాలు పితికే చప్పుడు విని పొరుగువారు అడుగుతారేమోనని మేక పొదుగునే నోట పట్టుకున్న లోభి ఆయన. ఇటువంటి తండ్రిని పెట్టుకొని ఎనభైమంది కవులతో వంశప్రతిష్ఠ గురించి పోటీపడి గెలిచినవాడే గొప్పవాడన్నాడు. పదో శతాబ్ది సంకలనంలోని కథను చరిత్రగా తీసుకోనక్కరలేదు. అయితే పరువు పుట్టుకతో వచ్చేదన్న సిద్ధాంతాన్ని పద్యంతో కల్పించవచ్చునన్న ఎరుక ఆ సంప్రదాయానికి ఉన్నదని ఇది తెలుపుతుంది.

నఖాయిద్ నగరవాసులకు వినోదంగా పరిణమించాయని షౌకీ దైఫ్ వాదించాడు. ఇద్దరు కవుల మట్టుకు ఇది చాలావరకు నిజం. ఫరజ్దఖ్ మరణిస్తే జరీర్ స్మృతికావ్యం చెప్పాడు. కాని మధ్యలో చిక్కినవారికి అది వినోదం కాలేదు. ఫరజ్దఖ్ పక్షం వహించిన రాయీ అనే కవిపై కోపంతో జరీర్ అతని తెగ నుమైర్‌ను నిందించాడు. ఆ తరువాత ఆ తెగవారు తమ పేరు చెప్పుకోలేక, మీరెవరంటే పెద్ద సమూహమైన ఆమిర్ పేరు చెప్పేవారట.

నుమైర్‌వారికి ఈపాటి మార్గమైనా ఉన్నది. ఫరజ్దఖ్ సోదరి జిఅసిన్‌కు ఏ మార్గమూ లేదు. అన్నను కొట్టడానికి జరీర్ ఆమె శీలాన్ని ఆయుధం చేసుకొని, పద్యం వెంట పద్యంలో అదే అపవాదును తిప్పి చెప్పాడు. స్త్రీ శీలాన్ని పురుషుల ఉమ్మడి ఆస్తిగా లెక్కించే పరువు వ్యవస్థలో దానికి ఛందోబద్ధమైన జవాబు అన్న చెప్పవలసిందే గాని ఆమె చెప్పడానికి వీలులేదు. వినోదవాదం ఈ ఒక్క చోట నిలవదు. ఆమె సచ్చరిత్ర అనీ, నింద అబద్ధమనీ చెప్పింది కవులు కారు, నఖాయిద్‌ను వివరించిన వ్యాఖ్యాన సంప్రదాయం. అబూ ఉబైదా పేర వచ్చిన ఆ వ్యాఖ్యతో సహా మూలాన్ని బెవన్ 1905–1912 మధ్య లైడెన్‌లో పరిష్కరించి ప్రచురించాడు. వ్యాఖ్యను విడిచి పద్యాలను మాత్రమే ఏరి కూర్చే సంకలనాల్లో జిఅసిన్ గురించి మిగిలేది జరీర్ మాటే.