ధనుస్సా? ధన్వియా? – ఆంధ్రమహాభారత విలువిద్యా ఘట్టాలలో నైపుణ్య, పరికర వివేచన

వ్యాససంగ్రహం:

గురి పోటీలలో గెలుపు మనిషి నైపుణ్యానిదా, అతని చేతిలోని పరికరానిదా అన్న చర్చ ఆధునిక క్రీడారంగంలో తరచుగా వినిపిస్తుంది. బల్లపై ఆన్చిన రైఫిల్‌తో కాల్చే రిమ్‌ఫైర్ బెంచ్‌రెస్ట్ పోటీలో ఈ చర్చ మరీ తీవ్రమైనది. ఆంధ్రమహాభారతంలోని విలువిద్యా ఘట్టాలు ఇదే ప్రశ్నను వేర్వేరు కోణాల నుంచి పరీక్షించాయి. భాసపక్షి పరీక్ష, ద్రౌపదీ స్వయంవరం, ఏకలవ్యుని కథ, గాండీవప్రాప్తి, ఉత్తరుని ప్రగల్భాలు, మౌసలపర్వంలో అర్జునుని పరాభవం అనే ఆరు ఘట్టాలను ఆధునిక గురి క్రీడల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఆంధ్రమహాభారతం, విలువిద్య, గాండీవం, ఏకలవ్యుడు, బెంచ్‌రెస్ట్, గురి, పరికరం, సాధన.

1. ఉపోద్ఘాతం:

భారతదేశంలో క్రీడాకారులకు 1961 నుంచి అర్జున పురస్కారాన్ని, శిక్షకులకు 1985 నుంచి ద్రోణాచార్య పురస్కారాన్ని ప్రభుత్వం ప్రదానం చేస్తోంది. గిరిజన విద్యార్థుల కోసం నెలకొల్పిన ఆదర్శ గురుకులాలకు ఏకలవ్యుని పేరు పెట్టింది. ఆటకు, శిక్షణకు, అవకాశానికి మన సమాజం వాడుకునే పేర్లన్నీ భారతకథలోని విలువిద్యా ఘట్టాల నుంచి వచ్చినవే. అయితే ఆ ఘట్టాలు నైపుణ్యం గురించి, ఆయుధం గురించి నిజంగా ఏం చెబుతున్నాయన్న పరిశీలన తక్కువ. అర్జునుడంటే ఏకాగ్రత, ఏకలవ్యుడంటే గురుభక్తి అనే స్థిరపడిన వ్యాఖ్యానాలే ఎక్కువగా ప్రచారంలో ఉన్నాయి.

పదకొండో శతాబ్దంలో నన్నయ తెనిగించిన ఆదిపర్వంలో భాసపక్షి పరీక్ష, ఏకలవ్య వృత్తాంతం, స్వయంవరం, ఖాండవదహనం ఉన్నాయి. పదమూడో శతాబ్దంలో తిక్కన రచించిన పదిహేను పర్వాలలో ఉత్తరగోగ్రహణం, మౌసలం, మహాప్రస్థానం వస్తాయి. తిక్కన తాత మంత్రి భాస్కరుడు గుంటూరును ఏలినవాడు. నేటి ప్రత్తిపాడు ప్రాంతం ఆ గుంటూరు సీమలోనిదే. ఎద్దుల బండలాగుడు పోటీ ముగిసిన ప్రతిసారీ గెలుపు జతదా, తోలినవాడిదా అని వాదులాడుకునే నేల అది. కనుక ఈ చర్చ ఆ ప్రాంత పాఠకులకు కొత్తది కాదు.

2. బెంచ్‌రెస్ట్ పోటీ – మనిషి ప్రమేయం:

బెంచ్‌రెస్ట్ పోటీలో రైఫిల్ బరువును మనిషి మోయడు. ముందుభాగం ఒక ఆధారంపై, వెనుకభాగం ఇసుక సంచిపై ఉంటాయి. కాల్చేవాడు బల్ల దగ్గర కూర్చొని, అధికవర్ధక దూరదర్శిని గుండా చూసి మీట నొక్కుతాడు. చేతి వణుకు, ఊపిరి కదలిక, అలసట వంటి దోషాలన్నీ చాలావరకు తొలగిపోతాయి. రిమ్‌ఫైర్ విభాగంలో వాడేది .22 తూటా. దాన్ని రాజేసే మందు అడుగు అంచులో ఉంటుంది కనుక ఇతర తూటాల మాదిరిగా దీన్ని ఇంట్లో మళ్లీ నింపుకోవడం కుదరదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తూటాను యథాతథంగా వాడుకోవలసిందే. అందుకే పోటీదారులు ఒక్కో ఉత్పత్తి విడతను తమ గొట్టంతో పరీక్షించి, నప్పిన విడతను పెద్దమొత్తంలో కొని దాచుకుంటారు. గొట్టం కంపనాన్ని సరిచేయడానికి దాని కొసన చిన్న బరువును అమర్చి మిల్లీమీటర్ల లెక్కన జరుపుతారు.

ఇంత చూశాక, ఇక మనిషి చేసేదేముందన్న సందేహం సహజం. దానికి సమాధానం గాలిలో ఉంది. సుమారు 2.6 గ్రాముల సీసపు గుండు సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయలుదేరి, 50 మీటర్ల దూరం చేరడానికి సెకనులో ఆరో వంతు కాలం తీసుకుంటుంది. గంటకు ఐదారు కిలోమీటర్ల పక్కగాలి చాలు, అది సెంటీమీటరు మేర పక్కకు జరుగుతుంది. గెలుపోటములు మిల్లీమీటర్లలో తేలే పోటీలో ఇది పెద్ద దూరం. బల్లకూ లక్ష్యానికీ మధ్య నాటిన గాలిజెండాలు ఒక్కోచోట ఒక్కోరకంగా కదులుతాయి. ఏ జెండా మాటను నమ్మాలో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు మీట నొక్కాలో తేల్చుకోవలసింది మనిషే. ప్రత్తి, మిరప చేలల్లో మందు కొట్టే రైతుకు ఈ పని స్వభావం తెలుసు. పక్క చేను రైతు దగ్గరా అదే పంపు, అదే మందు ఉన్నా, గాలివాటం కనిపెట్టి నడిచినవాడి మందే ఆకు మీద పడుతుంది.

3. సమాన పరికరం – నిజమైన పరీక్ష:

భాసపక్షి ఘట్టంలో ద్రోణుడు శిల్పులచేత చేయించిన కృత్రిమ పక్షిని చెట్టుకొమ్మపై ఉంచుతాడు. అందరికీ లక్ష్యం ఒకటే, నిలిచే చోటు ఒకటే. వింటి గుణగణాల ప్రస్తావన ఎక్కడా లేదు. పరికరాన్ని లెక్కలోంచి తీసివేసి, మిగిలిన తేడాను కొలవడం ఈ పరీక్ష పద్ధతి. ఇందులో అంతగా గమనానికి రాని అంశం మరొకటి ఉంది. ధర్మరాజు మొదలైనవారు బాణం వదలనేలేదు. ఏం కనిపిస్తోందన్న ప్రశ్నకు వారిచ్చిన జవాబు విని గురువు వారిని పక్కకు తప్పించాడు. అంటే ద్రోణుడు కొలిచింది బాణం పడిన చోటును కాదు, బాణం వదలడానికి ముందున్న చూపును. మీట నొక్కడం తేలికైపోయిన బెంచ్‌రెస్ట్‌లో గెలుపును నిర్ణయించేదీ ఆ ముందు క్షణమే.

అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. చెట్టును, కొమ్మను, తమ్ములను, గురువును చూసిన ధర్మరాజు చూపును లోపంగా మాత్రమే చదవడం వాడుక. ఆరుబయట కాల్చేవాడికి ఆ విశాలమైన చూపూ కావాలి. జెండాలను, ఆకుల కదలికను, ఎండలో మినుకుమనే గాలిపొరను చూడనివాడు గురి తప్పుతాడు. గాలిని చదివే వేళ ధర్మరాజు చూపు, వదిలే వేళ అర్జునుని చూపు అవసరమవుతాయి. ద్రోణుని పరీక్ష రెండో దశను మాత్రమే కొలిచింది. దాన్ని సమస్త నైపుణ్యానికీ కొలమానంగా తీసుకోవడం ఆ ఘట్టానికి తరువాతి కాలం అంటగట్టిన భారం.

స్వయంవరంలోనూ అందరికీ ఇచ్చింది ఒకే విల్లు, అవే ఐదు బాణాలు, అదే యంత్రలక్ష్యం. పైకి ఇది పూర్తి సమానత్వంగా కనిపిస్తుంది. కానీ ద్రుపదుడు ఆ వింటిని అర్జునుని మనసులో పెట్టుకొనే చేయించాడని కథ చెబుతుంది. నియమం అందరికీ ఒకటే అయినా, అది ఎవరి కొలతకు సరిపోయేలా తయారైందన్నది వేరే ప్రశ్న. బండలాగుడు పోటీలలో పళ్లనుబట్టి ఎడ్ల జతలను విభాగాలుగా విడదీసి, ఒక్కో విభాగానికి ఒక్కో బరువు బండ నిర్ణయిస్తారు. బెంచ్‌రెస్ట్‌లో రైఫిల్ బరువునుబట్టి తరగతులుంటాయి. సమానత్వం దానంతటది ఏర్పడదని, దాన్ని నియమాలతో నిర్మించుకోవాలని ఈ విభజనలు తెలుపుతాయి.

4. పరికరాన్ని అడిగే హక్కు – అర్జునుడు, ఉత్తరుడు:

ఖాండవదహన సందర్భంలో అగ్ని సాయం కోరినప్పుడు అర్జునుడు తన నైపుణ్యాన్ని మాత్రమే నమ్ముకొని బయలుదేరలేదు. దివ్యాస్త్రాలున్నా తన భుజబలానికి తగిన విల్లు, తరగని బాణాలు, తగిన రథం లేవని చెప్పాడు. అప్పుడు అగ్ని వరుణుని నుంచి గాండీవాన్ని, అక్షయ తూణీరాలను, రథాన్ని ఇప్పించాడు. కౌరవపాండవులలో మేటి విలుకాడే పరికరం కోసం అడిగాడన్నది ఇక్కడ ముఖ్యం. అడగడం అతని ప్రతిభకు లోటు కాలేదు. తన చేయి ఎంత బరువును తాళగలదో, మామూలు విల్లు ఎక్కడ విరిగిపోతుందో తెలిసినవాడే ఆ మాట అనగలడు. పరికరం పరిమితిని గుర్తించడం కూడా నైపుణ్యంలో భాగమే.

దీనికి తలకిందులైన ఘట్టం విరాటపర్వంలో ఉంది. తగిన సారథి లేక ఆగాను గానీ కౌరవసేన ఎంతపాటిదని ఉత్తరుడు అంతఃపురంలో పలుకుతాడు. సారథి దొరికాడు. రథం, విల్లు ఉండనే ఉన్నాయి. సేన కంటపడగానే ఉత్తరుడు రథం దిగి పారిపోయాడు. తెలుగులో ఉత్తరకుమార ప్రగల్భాలు అన్న నుడి ఇందువల్లే నిలిచింది. అర్జునుడు, ఉత్తరుడు ఇద్దరూ లేనిదాన్ని గురించే మాట్లాడారు. అర్జునుని మాట చేసిన సాధన నుంచి వచ్చింది, ఉత్తరుని మాట చేయని పనికి సాకుగా వచ్చింది. ఓడిన ప్రతివాడూ తుపాకీని నిందించే పోటీ మైదానంలో ఈ తేడాను గుర్తించడం అవసరం.

5. ఏకలవ్యుడు – పోయినది ఏది?

ఏకలవ్యుని కథను పరికరాలు లేని ప్రతిభకు ఉదాహరణగా చెప్పడం పరిపాటి. మట్టి బొమ్మను గురువుగా నిలుపుకొని, అడవిలో ఒంటరిగా సాధన చేసి, అరిచే కుక్క నోట ఏడు బాణాలు నాటగల లాఘవాన్ని అతడు సంపాదించాడు. దాన్నిబట్టి పట్టుదల ఉంటే చాలు, సౌకర్యాలు అక్కరలేదన్న నీతిని తీస్తారు. కథ ఆ నీతితో ముగియలేదు. ద్రోణుడు గురుదక్షిణగా వింటిని అడగలేదు. విల్లు పోతే మరొకటి చేసుకోవచ్చు. అడిగింది కుడిచేతి బొటనవేలు. నారిని లాగే ఆ వేలే మనిషికీ పరికరానికీ నడుమ సంధిస్థానం. అది పోయిన తరువాత మిగిలిన వేళ్లతో ఏకలవ్యుడు బాణాలు వేసినా మునుపటి వేగం రాలేదు.

ప్రస్తుత ఒలింపిక్ విలుకాండ్రు నారిని మూడు వేళ్లతోనే లాగుతారు. కనుక వేళ్లతో వేయడం అసాధ్యం కాదు. ఏళ్ల తరబడి ఒక పద్ధతికి అలవడిన శరీరాన్ని ఒక్క క్షణంలో ఆ పద్ధతికి దూరం చేయడమే ఇక్కడ జరిగిన నష్టం. అర్జునుని మించినవాడు ఉండడన్న గురువు మాట నిలవడానికి ఈ నష్టం అవసరమైంది. ఏకలవ్యుడు తన సాధనతో పరికరాల కొరతను దాటగలిగాడు. అర్హతను నిర్ణయించే అధికారాన్ని దాటలేకపోయాడు. పేద క్రీడాకారులకు ఈ కథను స్ఫూర్తిగా చెప్పేవారు దీని చివరి భాగాన్ని కూడా చెప్పవలసి ఉంది.

6. మౌసలం – పరికరం ఉండి కూడా:

కృష్ణ నిర్యాణానంతరం ద్వారక స్త్రీలను వెంటబెట్టుకొని వస్తున్న అర్జునుణ్ణి ఆభీరులు దారిలో అడ్డగిస్తారు. చేతిలో ఉన్నది అదే గాండీవం. ఎక్కుపెట్టడమే కష్టమైంది. అస్త్రాలు స్ఫురణకు రాలేదు. తరగవనుకున్న బాణాలు తరిగిపోయాయి. చెప్పుకోదగిన ఆయుధాలు లేనివారి చేతిలో అతడు పరాభవం పొందాడు. ప్రపంచంలోని మేటి పరికరం ఉన్నా, దాన్ని పలికించే శక్తి తొలగినప్పుడు అది బరువుగా మిగిలింది. మహాప్రస్థానంలో అగ్ని కనిపించి కోరగా అర్జునుడు గాండీవాన్ని, తూణీరాలను నీట విడిచి వరుణునికి తిరిగి ఇచ్చేశాడు. ఆదిపర్వంలో అడిగి పుచ్చుకున్న విల్లు చివరికి ఇచ్చినవారికే చేరింది. పరికరం ఎప్పుడూ ఎరువుగా వచ్చినదేనని ఈ రెండు కొసలను కలిపి చదివినప్పుడు స్పష్టమవుతుంది.

7. వర్తమాన సందర్భం:

2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచింది. కాంపౌండ్ వింటికి కప్పీలు ఉంటాయి. నారిని పూర్తిగా లాగాక చేతిపై భారం బాగా తగ్గుతుంది. గురి చూడటానికి కటకం, నారి వదలడానికి మీట కూడా ఉంటాయి. అంతా యంత్రమే చేస్తుందన్న విమర్శ ఈ వింటిపై ఉంది. అయితే పోటీలో ఎదురుగా నిలిచిన ప్రతివారి చేతిలోనూ ఉన్నది అటువంటి విల్లే. 50 మీటర్ల దూరంలో 8 సెంటీమీటర్ల వ్యాసం గల పది పాయింట్ల వలయాన్ని అందరూ కొట్టగలిగినప్పుడు, ఒక్క పాయింటు తేడా ఆ క్షణంలోని మనసుది.

హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ విభాగంలో కాంస్యం సాధించాడు. ఆ లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. అంత చిన్న చుక్కను పట్టడానికి రైఫిల్, గుళ్లు, బిగుతైన కోటు అన్నీ కావాలి. అవన్నీ సమకూరినవారిలోనూ వేదిక ఎక్కేది ముగ్గురే. అవి సమకూరనివారు ఆ లెక్కలోకే రారు. ఈ రెండో వాక్యాన్ని వదిలి మొదటిదాన్ని మాత్రమే చెప్పడం వల్ల ప్రతిభకు లోటు లేకున్నా ప్రత్తిపాడు వంటి చోట్ల పిల్లలు పోటీ గడప దగ్గరే ఆగిపోవడం కనిపించకుండా పోతుంది.

8. ముగింపు:

● భారతకథ నైపుణ్యాన్ని, పరికరాన్ని ప్రత్యర్థులుగా నిలపలేదు. ఒక్కో ఘట్టంలో ఒకదాన్ని స్థిరంగా ఉంచి రెండోదాన్ని పరీక్షించింది.
● పరికరాలు ఎంత సమానమైతే మనిషి తేడా అంత స్పష్టంగా కనిపిస్తుంది. భాసపక్షి పరీక్షకు, బెంచ్‌రెస్ట్ పోటీకి ఇది సమానధర్మం. కనుక మంచి పరికరం నైపుణ్యాన్ని కప్పివేస్తుందన్న వాదం నిలవదు.
● తగిన పరికరాన్ని అడగడం సాధకుని హక్కని గాండీవఘట్టం, ఆ కోరిక సాకుగా మారవచ్చని ఉత్తరుని ఘట్టం తెలుపుతాయి.
● ఏకలవ్యుని కథ పేదరికాన్ని గెలిచిన ప్రతిభ కథగా మొదలై, అవకాశాన్ని నిరాకరించిన వ్యవస్థ కథగా ముగుస్తుంది. పట్టుదల ఉంటే చాలునన్న నీతికి అది ఆధారం కాజాలదు.
● మేటి విల్లు ఉన్న అర్జునుడు ఓడిన చోటు మౌసలం, మేటి చేయి ఉన్న ఏకలవ్యుడు ఓడిన చోటు గురుదక్షిణ. ఈ రెంటినీ పక్కపక్కన ఉంచి చదివినప్పుడే ధనుస్సా, ధన్వియా అన్న ప్రశ్నకు ఆంధ్రమహాభారతం ఇచ్చే సమాధానం పూర్తవుతుంది.