పరుగు సేద్యము

కుండలు చేయు కుమ్మరిని, మగ్గము నేయు సాలెవానిని మెచ్చుకొనునట్లు, 42 కిలోమీటర్ల 195 మీటర్ల మారథాను దూరము పరుగెత్తి జీవించువానిని గూడ పనివానిగానే మెచ్చుకొనవలయునని నా యభిప్రాయము.

అట్టి పనివాడొకడు కలడు. కెన్యా దేశమున నాండి ప్రాంతమునందు 1984లో జన్మించి, ఉపాధ్యాయినియైన తల్లి పెంపకమున పెరిగిన ఎలియుడ్ కిప్‌చోగె, 1992 బార్సిలోనా ఒలింపిక్సున స్టీపుల్‌చేజ్ రజతపతకము గెలిచిన పాట్రిక్ సాంగ్‌ను ఆశ్రయించి, ఆయన వ్రాసియిచ్చిన అభ్యాసక్రమమునే వేదముగా బట్టి, 2003లో పారిస్ నగరమున 5,000 మీటర్ల పరుగులో ప్రపంచవిజేత యయ్యెను. 2012లో స్వదేశపు ఒలింపిక్ జట్టునందే చోటు దొరకకపోగా, మరుసటి యేడు హాంబర్గులో తొలి మారథాను గెలిచెను.

పతకముల లెక్క పత్రికలు చెప్పును; నన్ను ముగ్ధుని జేసినది ఆతని దినచర్య. సముద్రమట్టమునకు సుమారు 2,400 మీటర్ల యెత్తున, గాలి పలుచనై ఊపిరిని పరీక్షించు కప్టగాట్ శిబిరమున, వేకువనే లేచి తోడివారితో మట్టిబాటల వెంట పరుగెత్తుట, వంతు వచ్చిననాడు మరుగుదొడ్లు కడుగుట, ప్రతిదినాభ్యాసమును నోటుపుస్తకమున వ్రాసికొనుట — ఈ నియమము సంపద వచ్చిన పిమ్మటను సడలలేదు. (మనలో రెండెకరములు కొన్నవాడే నీళ్లబిందె ముట్టడు!)

2019లో వియన్నాయందు గంట 59 నిమిషముల 40 సెకండ్లలో మారథాను దూరమును ముగించినది, వంతులవారీగా ముందు పరుగెత్తిన సహాయకుల యండ గలదగుటచే, అధికారిక రికార్డుగా నెన్నబడలేదు. 2022 బెర్లినులోని 2 గంటల 1 నిమిషము 9 సెకండ్లు మాత్రము నిక్కమైన రికార్డే. దానిని మరుసటి యేడే ఆతని దేశీయుడు కెల్విన్ కిప్టుమ్ చికాగోలో 2 గంటల 35 సెకండ్లకు దించెను.