పొయ్యి దగ్గర పొట్లం

మిద్దె మీద కుండీల్లో ఉల్లి గింజలు చల్లి పదిహేను రోజులు కాపు కాశాను. ఒక్కటీ తల ఎత్తలేదు. అమ్మినతన్ని మనసారా తిట్టుకున్నాక గుర్తొచ్చింది, ఆ పొట్లం విప్పి రెండేళ్లయిందని. సగం చల్లి, మిగతాది మడిచి వంటింట్లో పొయ్యి పైన అరలో పెట్టింది నేనే.

అలా పెట్టడానికి కారణం మా అమ్మమ్మ. ఆవిడ ముదిరిన బీరకాయను కోయకుండా, కాయపళాన కట్టెల పొయ్యి మీద దూలానికి వేలాడదీసేది. తొలకరి పడ్డాక దించి దులిపితే గింజలు గలగలా రాలేవి. సరే, విత్తనానికి పొయ్యి చోటే మంచిదనుకున్నాను.

ఎండిన గింజ చచ్చింది కాదు, నిద్రలో ఉన్నది. చెమ్మా వేడీ కలిసి తగిలితే ఆ నిద్రలోనే ముసలిదైపోతుంది. విత్తన శాస్త్రంలో హారింగ్టన్ సూత్రమని ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: గింజలో తేమ ఒక శాతం తగ్గితే ఆయుష్షు రెట్టింపు, దాచిన చోట వేడి సుమారు 5 డిగ్రీలు తగ్గితే మళ్లీ రెట్టింపు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యు బ్యాంకు జొన్న, కంది, శనగ విత్తనాలను బాగా ఆరబెట్టి, మైనస్ 20 డిగ్రీల చలిలో దాచేది అందుకే. అలాగని ఎండబెట్టడం అన్నిటికీ మందు కాదు. మామిడి టెంక, పనస గింజ ఎండితే చస్తాయి.

అమ్మమ్మ పొయ్యిది పొడి పొగ. చెమ్మను చేరనిచ్చేది కాదు, పురుగును రానిచ్చేది కాదు. పైగా గింజకు కాయే డబ్బా. నా పొయ్యి మీద రోజూ కుక్కర్ ఆవిరి. ఉల్లి గింజ అసలే అల్పాయుష్షుది, ఆ ఉక్కలో ఏం బతుకుతుంది? ఆవిడ చోటు చూశాను గానీ, ఆ చోట ఏం జరుగుతోందో చూడలేదు.

ఇప్పుడు నా విత్తనాలు బిగుతు మూత సీసాలో, ఫ్రిజ్‌లో ఉన్నాయి. బయటికి తీశాక సీసా చల్లదనం పోయేదాకా మూత తియ్యను. తీస్తే గాలిలోని చెమ్మ చల్లటి గింజల మీద నీరై కూర్చుంటుంది. చల్లే ముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి చూస్తాను. మొన్న ఏడు మొలిచాయి. ఆ లెక్కన కాస్త ఒత్తుగా చల్లాను. ఈసారి ఎవరినీ తిట్టే పని పడలేదు.