ఒక సిలిండరే కాలుతోందంటే

అనకాపల్లి అనగానే బెల్లం మార్కెట్టే గుర్తొస్తుంది గానీ, 2022 ఏప్రిల్ 4న విశాఖ నుంచి విడివడి ఏర్పడిన ఈ జిల్లాకు పూడిమడక, రేవుపోలవరం, బంగారమ్మపాలెం లాంటి వేట ఊళ్ళున్న తీరం కూడా దక్కింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర బోట్లూ మోటారు బోట్లూ వేటకెళ్ళకూడదు. బోటు వెనక బిగించే పాత ఔట్‌బోర్డు ఇంజన్లు విప్పి చూసుకోవడానికి ఆ విరామమే అనువు. ఇంజను మొత్తం వేడెక్కితే కారణం దొరకడం పెద్ద కష్టం కాదు. రెండు సిలిండర్లలో ఒకటి కాలిపోతూ రెండోది నిమ్మళంగా ఉంటేనే తల పట్టుకోవాలి. ఇలాంటప్పుడు ఒడ్డు మెకానిక్కులు చేత్తో తడిమి, చెవి పెట్టి విని, ప్లగ్గులు విప్పి చూసి రోగం తేలుస్తారు. చదువుకున్నవాళ్ళు దీన్ని అంచనా పని అంటారు. నా దృష్టిలో అది అంచనా కాదు, పోలిక. పాత ఇంజనుకు అంతకంటే నమ్మకమైన కొలబద్ద లేదు.

ఎందుకంటే కంపెనీ పుస్తకంలోని అంకెలు కొత్త ఇంజనుకు రాసినవి. రింగులు అరిగి, హెడ్డు చదును చేయించి, దొరికిన స్పేర్లు బిగించాక ఆ అంకెలకు విలువ తగ్గుతుంది. ఆ ఇంజన్లోని రెండు సిలిండర్లు మాత్రం ఒకే ఉప్పునీళ్ళు, ఒకే ఇంధనం, ఒకే జోరు చవిచూశాయి. కాబట్టి తేడా వచ్చిందంటే రెంటికీ ఉమ్మడి కానిదేదో చెడిందని ముందు అనుమానించాలి: ఒక కార్బురేటరు జెట్టు, ఒక వైపు నీటి దారి, ఒక చోట గ్యాస్కెట్టు. వెతకాల్సిన చోటు అక్కడే సగానికి పడిపోతుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. నీళ్ళ పంపు ఉమ్మడిదే, అయినా దాని బలహీనత రెంటికీ సమానంగా తగలదు. సిలిండర్లు ఒకదాని మీద ఒకటి ఉండే ఇంజన్లో నీళ్ళు కింది నుంచి పైకెక్కాలి; గాలి, ఆవిరి పైన చేరతాయి. పంపులోని ఇంపెల్లరు రబ్బరు రెక్కలు అరిగితే ముందు కాలేది సాధారణంగా పైదే. జెట్టీ లేని ఒడ్డున బోటు ఇసుక మీద నుంచే దిగుతుంది, ఇసుక మీదికే ఎక్కుతుంది. లోతు చాలని చోట ఇంజను నడిస్తే నీళ్ళతో ఇసుకా లోపలికి పోయి ఆ రెక్కల్ని తింటుంది, నీరు నెమ్మదించే మూలల్లో పేరుకుంటుంది. దీనికి తోడు, సముద్రపు నీటిలోని కాల్షియం లవణాలు వేడి పెరిగేకొద్దీ తక్కువ కరుగుతాయి. అందుకని ఎక్కువ కాలే గోడకే ఉప్పు గార ఎక్కువ పడుతుంది, గార పట్టినకొద్దీ ఆ గోడ ఇంకా కాలుతుంది. ఇంజను వెనక సన్నగా కొట్టే నీళ్ళ ధార చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. పంపు నీళ్ళు ఎత్తుతోందన్నంత వరకే ఆ ధార సాక్ష్యం. పై సిలిండరు చుట్టూ నీళ్ళు తిరుగుతున్నాయో లేదో అది చెప్పలేదు. అందుకే మంచి మెకానిక్కు 'ఎప్పుడు కాలుతోంది' అని అడుగుతాడు. నెమ్మదిగా నడిచేటప్పుడు కాలి, జోరు పెంచితే తగ్గితే అరిగిన ఇంపెల్లరు మీద అనుమానం. జోరులోనే కాలితే మూసుకుపోయిన దారి మీదో, చాలని ఇంధనం మీదో.

ఇంధనం సంగతి ప్లగ్గులు చెబుతాయి. రెండూ విప్పి పక్కపక్కన పెడితే, బాగున్నదాని పింగాణీ లేత గోధుమరంగులో ఉంటుంది. ఇంధనం చాలనిది తెల్లగా పాలిపోతుంది, అంచు కాలి ఉంటుంది. ఆయిలు కలిపిన పెట్రోలుతో నడిచే టూ స్ట్రోక్ ఇంజన్లో ఇది మరీ ప్రమాదం, ఇంధనం తగ్గితే ఆయిలూ తగ్గినట్టే. ప్లగ్గు రంధ్రంలో టార్చి వేసి చూసినప్పుడు ఒక పిస్టను తల నల్లగా మసిబారి, ఇంకోటి కడిగినట్టు మెరుస్తుంటే గ్యాస్కెట్టు దాటి నీళ్ళు లోపలికి వస్తున్నాయని అనుమానించాలి. ఆ మీదట కంప్రెషను గేజి. ఇక్కడ కూడా అంకె ఎంతన్నదానికంటే రెంటి మధ్య తేడా పది శాతం దాటిందా అన్నదే పట్టించుకోవాలి. ఇంత అయ్యాకే హెడ్డు బోల్టుల మీద చెయ్యి వెయ్యాలి.

ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉండగా చెయ్యెందుకు కాల్చుకోవడం అంటే, కాల్చుకోనక్కర్లేదు, కొనుక్కోవాల్సిందే. కానీ అది రంగు వేసిన చోట ఒకటి, మెరిసే అల్యూమినియం మీద ఇంకొకటి చూపిస్తుంది. రెండు సిలిండర్ల మీదా ఒకేలాంటి చోట పట్టి పోల్చకపోతే ఆ అంకె తప్పుదారి పట్టిస్తుంది. పాత పద్ధతిలో లోపాలు లేవనీ అనను. వేడి అనగానే థర్మోస్టాటు పీకి పారేసే అలవాటు వాటిలో ఒకటి. అది లేకపోతే ఇంజను చాలినంత వేడెక్కదు, ప్లగ్గులు మసిబారతాయి, అసలు రోగం దాగిపోతుంది. నీళ్ళ డ్రమ్ములో ఇంజను ఆడించి బాగయిందని తేల్చేయడం ఇంకొకటి; డ్రమ్ములో బరువు లేదు, సముద్రం మీద వలల బరువుతో ఎదురుగాలికి పోయేటప్పుడే కొన్ని జబ్బులు బయటపడతాయి.

కొత్త ఇంజను కొంటే ఈ గొడవే ఉండదనేవారికి ఒక మాట. సెన్సరు తనను బిగించిన చోటి వేడినే చెబుతుంది, కొత్త ఔట్‌బోర్డుల్లోనూ నీళ్ళు తోడేది రబ్బరు రెక్కలే. ఇక పని నేర్చుకోవడానికంటే, విశాఖలో 1981 నుంచి ఉన్న మత్స్య శిక్షణ సంస్థ సిఫ్నెట్ కేంద్రం లాంటి చోట మెరైన్ ఫిట్టర్లకు శిక్షణ దొరుకుతోంది. ఒడ్డు మెకానిక్కుకు లోటల్లా రాత. ఒక్కో బోటుకూ ఒక నోటుబుక్కు పెట్టి, ఏటా రెండు సిలిండర్ల కంప్రెషను, ప్లగ్గుల రంగు, ఇంపెల్లరు మార్చిన తేదీ రాసుకుంటే, పక్క సిలిండరుతో పాటు పోయినేటి ఇంజనుతోనూ పోల్చి చూడవచ్చు.