పాల్వంచ తహసీల్దారు చెరసాల: రామదాసు నాటకములో జ్ఞాపకము, వర్తమానము

పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా నుండిన కంచర్ల గోపన్న కథ మన ప్రాంతపు సంఘములకు క్రొత్తది కాదు. నేలకొండపల్లిలో పుట్టిన ఆయన, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచల ఆలయము కట్టించి, సర్కారుకు జమ చూపలేక గోల్కొండ చెరలో పండ్రెండేండ్లు గడిపెనని సంప్రదాయము. అప్పటి ప్రభువు 1672 నుండి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా. ధర్మవరం గోపాలాచార్యులు ఈ కథను 'రామదాసు' నాటకముగా వ్రాసిరి. పద్యనాటక సమాజములు దీనిని ఊరూర ఆడినవి. ఇది విడుదలతో ముగియును గనుక దీనిని విషాద నాటకమని ఎవరును అనరు. అయినను దీని చెరసాల రంగము విషాద నాటకమేనని మేము తలంచుచున్నాము.

గోపన్న రెవెన్యూ ఉద్యోగి. అతని జ్ఞాపకమును ఉద్యోగి జ్ఞాపకమే. చింతాకు పతకమునకు ఇంత, కలికితురాయికి ఇంత అని పద్దు చదివినట్లు దేవుని నిలదీయును. ఆ నగలు ఆ గడియలోనే భద్రాచలములో విగ్రహములపై మెరయుచున్నవి. చేయించినవాని ఒంటిమీద సంకెళ్లున్నవి. జ్ఞాపకము అతనికి ఓదార్పు కాలేదు, రెండవ కొరడా అయినది. అందుకే నిందించును, వెంటనే దెబ్బలకు తాళలేక అంటినని క్షమాపణ వేడుకొనును. ఈ రెంటి నడుమ నటుడు కొంత మౌనము పాటించవలెను. సాధారణముగా పాటింపడు. రాగము బాగున్నదని ప్రేక్షకులు వన్స్‌మోర్ అందురు, ఖైదీ మరల మొదటినుండి ఏడ్చును!

యోబు గ్రంథము 29, 30 అధ్యాయములను దీని ప్రక్కనుంచి చదువవలెను. పట్టణపు గుమ్మమునొద్ద గౌరవము, బీదలకు చేసిన న్యాయము 29వ అధ్యాయములో జ్ఞాపకము చేసికొనిన యోబు, 30వ అధ్యాయపు మొదటి మాటతోనే నేటి బూడిదలో పడును. అయితే భేదమున్నది. యోబు చివరకు తన కన్నులతో దేవుని చూచితినని చెప్పును. ఇక్కడ రామలక్ష్మణులు బంటుల వేషములో వచ్చి ఆరు లక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరి. దర్శనము మాత్రము తానీషాకు దక్కినది. లెక్కలన్నియు జ్ఞాపకముంచుకొనినవాడు చూడలేదు. విడుదల పొందియు గోపన్న దుఃఖించుట ఇందుకే. ప్రదర్శనలలో మంగళహారతి తొందరలో ఈ దుఃఖము మరుగుపడుచున్నది. మరణము జరిగిన యింట 42వ అధ్యాయమునకు పరుగెత్తు మన ప్రసంగములకును ఈ తొందర అలవాటే.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 'విషాద సారంగధర'లో వేరు మార్గము పట్టిరి. పూర్వ కథలలో సిద్ధుడు సారంగధరునికి తెగిన అవయవములను తిరిగి ఇచ్చును. ఆయన ఆ స్వస్థతను విడిచిపెట్టిరి. రామదాసు కథకు అట్టి ముగింపు కావలెనని మా వాదము కాదు, భక్తజనులు ఒప్పరు కూడను.

మమ్మును వేధించునది మరియొకటి. ఖైదీ పద్దులో ఖర్చు వైపే యున్నది, జమ వైపు లేదు. ఆ సొమ్ము పాల్వంచ పరగణా సేద్యగాండ్రు కట్టిన శిస్తు. భద్రగిరిమీద విగ్రహములను మొదట కనుగొన్న దమ్మక్క పేరు క్షేత్రకథలో నిలిచినది. శిస్తు కట్టినవారి ఊసు చెరలో వినబడదు. ఈ నాటకమును మరల ఆడువారు, గోపన్న నగల లెక్క చెప్పు సమయమున, ఒక రైతును రంగము మూలన ఊరక నిలువబెట్టి చూడవచ్చును.