రాత్రివేళ ఎండ కాయాలంటే

ఏం రాయాలో తోచడం లేదని కవులూ వ్యాసకర్తలూ తరతరాలుగా గొణుక్కుంటూనే ఉన్నారు. అవధానికి ఆ వీలు లేదు. ఎదురుగా ప్రశ్న వేసే పృచ్ఛకుడు, చుట్టూ సభ. పొసగని మాట ఒకటి విసురుతారు. దానికి తగిన విషయం ఆయన అక్కడికక్కడే వెతికి పట్టుకోవాలి. అవధానం అనగానే మనం ధారణాశక్తికి దండం పెట్టి ఊరుకుంటాం. ధారణ అందరికీ పట్టుబడేది కాదు. విషయాన్ని వెతికే దారులు మాత్రం, కలం పట్టిన ఎవరికైనా పనికొస్తాయి.

అవధానంలోని అంశాల్లో సమస్యాపూరణం చాలా పాతది. వాత్స్యాయనుడు కామసూత్రాల్లో చెప్పిన 64 కళల్లో ఇదీ ఉంది. పద్యంలో చివరి పాదం పృచ్ఛకుడిస్తాడు. అది వినగానే అబద్ధంగానో, అసభ్యంగానో, అర్థంపర్థం లేనిదిగానో తోస్తుంది. పై మూడు పాదాలూ కట్టి దాన్ని నిజం చేయాలి. ఉదాహరణకు ఈ ఆటవెలది పాదం తీసుకుందాం:

రాత్రివేళ యెండ రగిలి మండె

అనుభవం లేనివాడు వెంటనే ‘ఇదెలా కుదురుతుంది?’ అని ఆగిపోతాడు. అవధాని అడిగే ప్రశ్న వేరు: ‘ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు ఇది నిజం?’ ఈ మూడు ప్రశ్నల వెంట నడిస్తే విషయాలు వాటంతటవే ఎదురొస్తాయి.

ఎవరికి? విరహంలో ఉన్నవాళ్ళకు. వెన్నెల ఒళ్ళు కాలుస్తోందనడం మన ప్రబంధ నాయికలకు మామూలే. ఎక్కడ? డాలస్‌లో. తెనాలిలో అర్ధరాత్రి దాటాక అమ్మ ఫోన్ చేస్తే, అక్కడ కొడుకు మిట్టమధ్యాహ్నపు ఎండలో కారు తలుపు తీస్తూ ఉంటాడు. ఇంకా ఉత్తరానికి పోతే నార్వే కొసన వేసవి రాత్రుల్లో సూర్యుడు అస్తమించనే అస్తమించడు. ఎప్పుడు? సైంధవ వధ నాడు. కృష్ణుడు సూర్యుణ్ణి మరుగుపరిస్తే కౌరవులు పొద్దు గుంకిందనే అనుకున్నారు. అర్జునుడి ప్రతిజ్ఞ చెడిందని సంబరపడేలోపే వాళ్ళ రాత్రిలో ఎండ కాసింది. ఒక్క పాదం నుంచి ఎన్ని కథలు బయటికొచ్చాయో చూడండి. వీటిలో నాకు సైంధవుడి కథే ఇష్టం. ఆ పూరణలో సమస్య కథకు అతుకులా ఉండదు, కథకు కేంద్రమవుతుంది.

ఇంకో దారి ఉంది. అది కొంచెం గడుసుది. సమస్య మొదటి మాటకు ముందు రెండక్షరాలు చేర్చి, వాటిని పై పాదం చివర దాచడం:

మాఘమాసమందె మాయమై మంచెల్ల
చలియు సెలవుఁ గొనియె జాగు లేక
కుండనీరు గోరె గొంతుక యీ శివ
రాత్రివేళ యెండ రగిలి మండె

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనకు సామెత ఉండనే ఉంది. ఈసారి ఎండ కాస్త తొందరపడింది, అంతే. సమస్య మారలేదు, ఒక్క అక్షరం పోలేదు. దాని ఇల్లు మారింది.

అందరూ సులువుగా ఆశ్రయించే దారులూ లేకపోలేదు. కల వచ్చిందనడం, తాగినవాడు కూశాడనడం, ‘అనుట తగునె’ అని తప్పించుకోవడం. క్రమాలంకారం వీటికంటే మేలు: పై పాదాల్లో వరసగా ప్రశ్నలు వేస్తే, సమస్యలోని మాటలు వరసగా జవాబులవుతాయి. కానీ అదీ ఎక్కువైతే పద్యం ప్రశ్నపత్రంలా తయారవుతుంది.

దత్తపదిలో ఇచ్చేది పాదం కాదు, నాలుగు మాటలు. దోసె, పూరి, వడ, కారం ఇచ్చి కురుక్షేత్రాన్ని వర్ణించమన్నారనుకోండి. సభ నవ్వుతుంది. అవధాని ఆ మాటలు ఇంకే మాటల కడుపులో దాగున్నాయో చూస్తాడు. పూరి ‘పూరించె’లో ఉంది, అంటే పాంచజన్యం దొరికింది. కారం ‘టంకారంబు’లో ఉంది, గాండీవం మోగింది. వడ ‘వడకె’లో ఉంది, సేన గజగజలాడింది. దోసె ‘దోసెడు’లో ఉంది, దుశ్శాసనుడి నెత్తురు పట్టిన భీముడి చేతులు అవి. 18 రోజుల యుద్ధంలో ఏది చెప్పాలో ఏది వదలాలో టిఫిన్ల జాబితా తేల్చేసింది! యుద్ధం మొత్తం వర్ణించమంటే తడబడే కలం, ఈ నాలుగు మాటలు చేతికొచ్చేసరికి కదులుతుంది.

నిషిద్ధాక్షరి దీనికి తలకిందులు. అవధాని ఒక అక్షరం చెప్పగానే, తరవాత ఏ అక్షరం రాబోతోందో ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. ఆయన మూసేది ఎప్పుడూ అందరికీ ముందుగా తోచే మాటనే. కాబట్టి రెండో మాటో మూడో మాటో వెతకక తప్పదు. మన పత్రికల్లో సంక్రాంతి వ్యాసాలకు ఇలాంటి పృచ్ఛకుణ్ణి ఒకరిని పెడితే ముగ్గులూ హరిదాసులూ మొదటి వాక్యంలోనే ఆగిపోతారు.

మిగతా అంశాల జోలికి ఇక్కడ పోను. సంబంధం లేని ప్రశ్నలతో మధ్యమధ్య అడ్డుతగిలే అప్రస్తుత ప్రసంగి చేసే అల్లరి గురించి వేరే వ్యాసమే రాయాలి.

ఇదంతా సాము గరిడీ, కవిత్వం కాదు అన్నవాళ్ళున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. సభలో చప్పట్లు కొట్టించుకున్న పూరణల్లో చాలావాటికి మర్నాటికి ఆయువు ఉండదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా అవధానాలు చేసి, సంస్థానాల్లో సన్మానాలు పొందారు. జనం నోట నిలిచింది మాత్రం ఎక్కువగా వాళ్ళ పాండవ నాటకాల పద్యాలు. అయితే విన్న వెంటనే నోటికొచ్చే ఆ నడక, సందర్భాన్ని ఒక్క పాదంలో పట్టేసే ఆ ఒడుపు వేదిక మీద అలవడ్డవేనని నా నమ్మకం. ఆ జంటలోని చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి వచనం చదవండి. ‘కథలు-గాథలు’లో ఒక విషయం ఎత్తుకుంటే దాన్నుంచి ఇంకొకటి, దాన్నుంచి మరొకటి. రాయడానికి ఏమీ లేదన్న మాట ఆయనకు తెలియదేమో అనిపిస్తుంది.

ఈ విద్య అవధానుల దగ్గరే ఆగిపోలేదు. ఆకాశవాణి సమస్య ఇస్తే శ్రోతలు పూరణలు రాసి పంపేవారు. సభాకంపం లేకుండా, తీరిగ్గా, ఇంట్లో కూర్చుని ఆలోచించేవాళ్ళకు కూడా అవే దారులు పనికొచ్చాయి.

పూరణ బాగోలేకపోతే మనం అవధానిని అంటాం. చాలాసార్లు తప్పు పృచ్ఛకుడిది. బూతు ధ్వనించేలా పాదం కట్టి, దానికి ఒకే ఒక్క విరుపు దాచి పెడితే అది తాళం చెవి వెతికించే ఆట మాత్రమే. మంచి సమస్యకు దారులు ఎక్కువ, ఒక్కో దారిలో ఒక్కో లోకం. ‘పెండ్లికొడుకు లేని పెండ్లి జరిగె’ అన్న పాదమే చూడండి. రాజుగారు రాకుండా ఆయన కత్తికి బాసికం కట్టి చేసిన పెళ్ళిళ్ళు ఒక వైపు, ఊరి రచ్చబండ దగ్గర రావికీ వేపకూ ముడిపెట్టిన పెళ్ళి ఇంకో వైపు. సెలవు దొరకని పెళ్ళికొడుకు న్యూజెర్సీలో ఫోన్ ముందు కూర్చుని ఉంటే, ఇక్కడ పీటల మీద పెళ్ళికూతురు ఒక్కతే కూర్చున్న పెళ్ళి కూడా ఈ పాదంలో ఇముడుతుంది. కత్తి పెళ్ళి సీసానికి బాగుంటుంది. ఫోన్ పెళ్ళిని ఎవరైనా కథగా రాస్తే చదవాలని ఉంది.